గిరిపుష్పం పెంపకం: పొలం గట్టు నుంచే వంటకట్టెలు, తేనెటీగలకు పూలు

గట్ల మీద గిరిపుష్పం వేసిన రైతుల్లో చాలామంది దాని పువ్వును చూసి ఉండరు. చెట్టు పూయక కాదు. పచ్చిరొట్ట కోసం ఏడాదికి మూడుసార్లు కొమ్మలు నరికేస్తుంటే పూయడానికి దానికి వ్యవధి ఉండదు. అలా నరకకుండా ఉంచితే సంక్రాంతి నుంచి శివరాత్రి దాటేదాకా ఆకు రాల్చిన కొమ్మల నిండా లేత గులాబీ, ఊదా రంగు పూలు గుత్తులుగా వస్తాయి. తేనెపెట్టెలు పెట్టుకున్నవాళ్లకు ఆ పూలు చాలా విలువైనవి. అదే కొమ్మలు తర్వాత మంచి వంటచెరకు అవుతాయి. పూలు, కట్టెలు రెండూ ఒకే చెట్టు నుంచి తీసుకోవచ్చు. దానికి కావాల్సింది కోత ఎప్పుడు వేయాలో, ఎన్ని చెట్లకు వేయాలో ముందే తేల్చుకోవడం. ఈ మార్గదర్శిలో నాటడం కంటే కోత గురించే ఎక్కువ రాశాను, ఎందుకంటే ఫలితం తేలేది అక్కడే.

ఈ చెట్టే ఎందుకు

గిరిపుష్పం సొంత ఊరు మెక్సికో, మధ్య అమెరికా. అక్కడ కోకో తోటల్లో నీడ కోసం పెంచేవారు. స్పెయిన్ వాళ్ల ఓడల్లో ఫిలిప్పీన్స్‌కు వచ్చింది, తర్వాత ఆసియాలోని మిగతా చోట్లకూ చేరింది. మన దగ్గర నర్సరీల్లో, వ్యవసాయ శాఖ కాగితాల్లో దీన్ని గ్లైరిసిడియా అనే అంటారు, కాబట్టి మొక్కలు అడిగేటప్పుడు ఆ పేరు కూడా చెప్పండి. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా), పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చాలా ఏళ్లుగా మెట్ట పొలాల గట్లకు దీన్ని సిఫారసు చేస్తున్నాయి.

ఇది చిక్కుడు జాతి చెట్టు. వేర్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతుంది. ఎన్నిసార్లు నరికినా మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఎండిన కట్టె కిలోకు సుమారు 4,900 కిలో కేలరీల వేడి ఇస్తుంది. నిదానంగా మండుతుంది, నిప్పురవ్వలు ఎగరవు, బాగా ఎండితే పొగ తక్కువ.

తేనె, కట్టెలు అనగానే కొందరు సర్కారు తుమ్మ గుర్తుచేస్తారు. నిజమే, దాని పూలలో మకరందం బాగా ఉంటుంది, బొగ్గుకు దానికి సాటి లేదు. కానీ అది పొలంలోకి, చెరువులోకి పాకితే వదిలించుకోవడం మన వల్ల కాదు. దాన్ని కావాలని నాటమని నేనెవరికీ చెప్పను. ఊళ్లో ఇప్పటికే ఉంటే మాత్రం దాని పూలను తేనెటీగలు ఎలాగూ వాడుకుంటాయి. నీలగిరి కూడా తేనెకు మంచిదే, అయితే పేపరు మిల్లు కోసం వేసినవాళ్లు నాలుగైదేళ్లకు మొత్తం నరికేస్తారు. ఈగలకు ఆ ఏడాదితో మేత పోతుంది. సుబాబుల్ పూలలో పుప్పొడి దొరుకుతుంది కానీ మకరందం పెద్దగా ఉండదు. చిన్న రైతు గట్టు మీద పెరుగుతూ, పంటను మింగకుండా, ఏటా కొంచెం కొంచెం ఇచ్చే చెట్టుగా గిరిపుష్పమే నాకు నచ్చుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. గట్టు మీది గిరిపుష్పం ఒక్కటే తేనెపెట్టెను నింపదు. దాని పూలకు పెద్ద తుమ్మెదలు కూడా పోటీ వస్తాయి. ఇది చేసే అసలు మేలు వేరు: కొత్త సంవత్సరం మొదటి మూడు నెలల్లో ఈగలకు మేత అందించి, గూటిలో సంతతి పెరిగేలా చేస్తుంది. అప్పుడు వేప, కానుగ పూసే వేళకు పెట్టెలో పని చేసే ఈగలు నిండుగా ఉంటాయి.

మీ నేలకు పడుతుందా

ఎర్ర చెల్క, ఇసుక కలిసిన నేల, గులకరాళ్ల నేల అన్నిటిలో పెరుగుతుంది. నల్లరేగడిలో కూడా నీరు నిలవకపోతే చాలు. నీరు నిలిచే చోట మాత్రం వద్దు. మాగాణి పొలంలో ఎత్తైన పెద్ద గట్టు ఉంటే సరే, నీళ్లలో నానే సన్న గట్ల మీద నాటితే వేరు కుళ్లిపోతుంది.

ఏడాదికి 600 మిల్లీమీటర్లు, ఆపైన వాన పడే చోట సొంతంగా నిలదొక్కుకుంటుంది. తెలంగాణ జిల్లాలు, కోస్తా, ఉత్తరాంధ్ర ఇందులోకి వస్తాయి. అనంతపురం లాంటి చోట వాన అంతకంటే తక్కువ కాబట్టి మొదటి రెండు వేసవులు నీళ్లు పోయాలి, కొమ్మ కాకుండా విత్తనపు మొక్కనే నాటాలి. కారణం కింద చెబుతాను.

ఇంకో సంగతి. ఈ చెట్టు బాగా పూయాలంటే పొడి కాలం కావాలి. ఆకు రాల్చి, ఎండకు ఎదురు నిలిచినప్పుడే పూత వస్తుంది. ఏడాదంతా బోరు నీళ్లు తగిలే తోట మధ్యలో పెడితే ఆకు పచ్చగా ఉంటుంది, పూత పలచబడుతుంది. కాబట్టి పూల కోసం పెంచే చెట్లను పండ్లతోట కాలువ పక్కన కాక, పొడిగా ఉండే గట్టు మీద పెట్టండి.

ఎన్ని చెట్లు, ఎక్కడ

చతురస్రంగా ఉన్న ఎకరం పొలం చుట్టూ గట్టు దాదాపు 250 మీటర్లు ఉంటుంది. మీటరుకు ఒక చెట్టు చొప్పున 250 చెట్లు పడతాయి. ఆకు ఎరువు ఒక్కటే కావాలనుకునేవాళ్లు అరమీటరుకు ఒకటి పెడతారు. పూలు, కట్టెలు కూడా కావాలంటే మీటరు తగ్గించకండి. దగ్గరగా పెడితే కొమ్మలు సన్నబడి నిటారుగా సాగుతాయి, ఎండ తగలని లోపలి కొమ్మలు పూయవు.

పక్క రైతుతో ముందు మాట్లాడండి. ఉమ్మడి గట్టు మీద చెట్టు అంటే అతని పంట మీద కూడా నీడ పడుతుంది. ఆకు ఎరువులో, కట్టెల్లో అతనికీ వాటా ఇస్తామంటే చాలామంది ఒప్పుకుంటారు. కరెంటు తీగల కింద, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నాటొద్దు. మీరు పూత కోసం దాచుకున్న కొమ్మలను లైన్ క్లియర్ చేసేవాళ్లు సరిగ్గా డిసెంబరులో కొట్టేయవచ్చు.

గట్టు మొత్తాన్ని ఇప్పుడే మూడు ముక్కలుగా గుర్తు పెట్టుకోండి. ఎకరానికి ముక్కకు ఎనభై పైచిలుకు చెట్లు వస్తాయి. ఈ విభజన ఎందుకో కోత దగ్గర తెలుస్తుంది.

విత్తనమా, కొమ్మా

గిరిపుష్పం రెండు విధాలా వస్తుంది. కొమ్మ పాతితే తొందరగా చెట్టవుతుంది, తొందరగా పూస్తుంది, ఖర్చు లేదు. కానీ కొమ్మ నుంచి వచ్చిన చెట్టుకు తల్లివేరు ఉండదు. వేర్లు పైపైనే పరుచుకుంటాయి. గాలివానకు ఒరుగుతుంది, ఎండకు ముందుగా వాడుతుంది, పంట వేర్లతో పోటీ కూడా ఎక్కువ. విత్తనపు మొక్క మొదటి ఏడాది నెమ్మదిగా ఉన్నా వేరు లోతుకు పోతుంది.

వాన తక్కువ ఉన్న మెట్ట పొలానికి, తుపాను గాలులు వచ్చే కోస్తాకు విత్తనపు మొక్కలే మంచివి. ఇంటి చుట్టూ కంచెకు, పశువుల దొడ్డికి కొమ్మలు చాలు. మిగతా చోట్ల రెండూ కలిపి పెట్టుకోవచ్చు.

కొమ్మలు తెచ్చుకునేటప్పుడు ఒకే చెట్టు నుంచి అన్నీ నరక్కండి. గిరిపుష్పం సాధారణంగా తన పుప్పొడితో తాను కాయ కట్టదు, వేరే చెట్టు పుప్పొడి అందాలి. ఒకే తల్లి కొమ్మలతో గట్టంతా నింపితే పూలు వస్తాయి గానీ ముందు ముందు విత్తనం దొరకదు. నాలుగైదు వేర్వేరు చెట్ల నుంచి, వీలైతే వేర్వేరు ఊళ్ల నుంచి తెచ్చుకోండి.

నారు పెంచే పద్ధతి

ఏప్రిల్, మే నెలల్లో కాయలు పండుతాయి. ఆకుపచ్చ పోయి పసుపు గోధుమ రంగుకు తిరగగానే కోయాలి. ఆలస్యమైతే ఎండకు చిట్లి గింజలు దూరంగా ఎగిరిపోతాయి. కోసిన కాయలను గోనె కింద ఎండబెడితే లోపలే పగులుతాయి. గింజలను నీడలో ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో దాస్తే వచ్చే ఏడాదికి పనికొస్తాయి.

జూన్, జూలైలో నాటాలంటే మార్చి మొదట్లో సంచుల్లో విత్తాలి. అంటే కిందటి ఏడాది విత్తనం కావాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి పాలిథిన్ సంచుల్లో నింపండి. గింజలను రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టండి. వేడినీళ్లు, యాసిడ్ ఏమీ అవసరం లేదు. సంచికి రెండు గింజలు, సెంటీమీటరు లోతులో పెట్టి పలచగా మట్టి కప్పండి. వారం, పది రోజుల్లో మొలకలు వస్తాయి. రెండూ మొలిస్తే బలహీనమైనది తీసేయండి.

మొదటి నెల పలచటి నీడ, తర్వాత ఎండ. రెండున్నర, మూడు నెలలకు మొక్క అడుగు దాటుతుంది. నాటడానికి రెండు వారాల ముందు నుంచి నీళ్లు తగ్గించి ఎండకు అలవాటు చేయండి. సంచి అడుగు నుంచి వేరు బయటికొచ్చి నేలలోకి దిగుతుంటే మధ్య మధ్యలో సంచులను కదిలించాలి. అలా వదిలేస్తే, నాటే రోజు పీకినప్పుడు తల్లివేరే తెగుతుంది. తల్లివేరు కోసమే కదా ఇంత శ్రమపడింది.

కొమ్మలు పాతడం

ఏడాది దాటిన, పచ్చదనం పోయి గోధుమ రంగు తిరిగిన కొమ్మలు కావాలి. బొటనవేలి కంటే లావుగా, మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంటే బాగా వేళ్లూనుతాయి. పచ్చి లేత కొమ్మలు కుళ్లిపోతాయి. గట్టుకు మీటరు పొడవు, కంచెకు ఐదారడుగులు.

పదునైన కత్తితో ఒకే వేటుకు ఏటవాలుగా కోయాలి. రెండు మూడు దెబ్బలు వేస్తే చివర చీలి చీడ పడుతుంది. పై కొన కూడా ఏటవాలుగా ఉంటే వాన నీరు నిలవదు. ఏది పైన, ఏది కింద అన్నది గుర్తుంచుకోండి, తలకిందులుగా పాతితే రాదు. కోసిన కొమ్మలను నీడలో నిలబెట్టి రెండు మూడు రోజులు ఉంచినా ఫరవాలేదు.

గడ్డపారతో ముందే గుంట చేసి, కొమ్మను అందులో దింపి చుట్టూ మట్టి గట్టిగా తొక్కాలి. సుత్తితో నేలలోకి కొట్టకూడదు, అడుగున బెరడు లేచిపోతే వేరు రాదు. మీటరు కొమ్మకు అడుగు లోతు, ఆరడుగుల కొమ్మకు అడుగున్నర లోతు ఉండాలి. తొలకరి పడి నేల బాగా తడిసిన తర్వాతే ఈ పని మొదలుపెట్టండి.

నాటాక మొదటి రెండేళ్లు

సంచి మొక్కలకు అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత చాలు. పై మట్టిలో రెండు దోసిళ్ల పశువుల ఎరువు కలిపి నింపండి. గట్టు నడినెత్తిన కాకుండా పొలానికి అవతలి వాలులో పెడితే దున్నేటప్పుడు నాగలికి, ట్రాక్టరుకు తగలదు.

మొదటి వానాకాలం కలుపే దీని శత్రువు. గరిక, తుంగ కమ్మితే చిన్న మొక్క లేవదు. మొక్క చుట్టూ మూరెడు మేర శుభ్రంగా ఉంచి, కోసిన గడ్డినే మొదలు చుట్టూ పరిస్తే తేమ నిలుస్తుంది. చచ్చిన మొక్కల స్థానంలో ఆగస్టులోగా కొత్తవి పెట్టేయండి.

పశువుల బెడద అనుకున్నంత ఉండదు. దీని ఆకు వాసన అలవాటు లేని ఆవులు, గేదెలు ముట్టవు. మేకలకు ఒకసారి రుచి తగిలితే మాత్రం వదలవు. మందలు తిరిగే దారి పక్కన మొదటి ఏడాది ముళ్లకంప వేయక తప్పదు.

నాటిన ఏడాది, మరుసటి ఏడాది కత్తి పెట్టొద్దు. వేరు స్థిరపడకముందే ఆకు కోసం ఆశపడితే చెట్టు జీవితాంతం బక్కగానే ఉంటుంది.

కోత: పూలా, ఆకా, కట్టెలా

ఆకు ఎరువు కోసం సాధారణంగా చెప్పే పద్ధతి జూన్, నవంబర్, మార్చి నెలల్లో మూడు కోతలు. నేలకు అది మంచి పద్ధతే. గిరిపుష్పం ఆకులో నత్రజని రెండు శాతం పైనే ఉంటుంది. హెక్టారుకు 700 మీటర్ల గట్టు మీద అరమీటరుకు ఒకటి చొప్పున పెంచితే ఏడాదికి 30 కిలోల దాకా నత్రజని పొలానికి అందుతుందని ఇక్రిశాట్ పనిలో తేలింది. కానీ తేనెటీగల వైపు నుంచి చూస్తే నవంబర్ కోత పూతను పూర్తిగా తీసేస్తుంది. జనవరిలో పూసేది ముదిరిన కొమ్మ మీద. రెండు నెలల చిగురు మీద పూత రాదు.

అందుకే గట్టును మూడు ముక్కలు చేయమన్నాను. ఒక్కో ముక్క మూడేళ్ల చుట్టు తిరుగుతుంది.

నాటిన తర్వాత రెండో వేసవిలో, అంటే సుమారు ఇరవై రెండు నెలలకు, మార్చి చివర పూత రాలిపోయాక మొదటి ముక్కను కోయండి. నేల నుంచి మీటరు ఎత్తులో మోడు ఉంచి పైదంతా తీసేయాలి. ఇది కట్టెల కోత. ఆ ఏడాది ఈ ముక్కలో వచ్చే కొత్త చిగుళ్లన్నీ ఆకు ఎరువుకే: ఆగస్టులో ఒకసారి, నవంబర్ మొదట్లో ఒకసారి. వచ్చే జనవరిలో ఈ ముక్క పూయదు, మనం దాన్ని లెక్కలో వేసుకోలేదు కాబట్టి బాధ లేదు.

నవంబర్ తర్వాత ఈ ముక్కను పూర్తిగా వదిలేయండి. మోడు మీద పది, పదిహేను చిగుళ్లు వస్తాయి. జూన్‌లో బలమైన నాలుగు ఉంచి మిగతావి విరిచేయండి, ఆ విరిచిన ఆకు కూడా పొలానికే. ఉంచిన నాలుగూ లావెక్కుతాయి. ఆ తర్వాతి జనవరికి వాటి వయసు పద్నాలుగు నెలలు, అప్పుడు పూత వస్తుంది. మరుసటి జనవరికి ఇంకా బాగా పూస్తుంది. ఆ పూత రాలగానే మార్చి చివర మళ్లీ కట్టెల కోత.

రెండో ముక్కకు ఇదే చుట్టు ఒక ఏడాది ఆలస్యంగా, మూడో ముక్కకు రెండేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టండి. అప్పుడు ఏ జనవరి చూసినా గట్టులో మూడింట రెండొంతులు పూసి ఉంటాయి, ఒక వంతు నుంచి ఆకు వచ్చి ఉంటుంది, ఏటా వేసవి మొదట్లో ఒక వంతు కట్టెలు చేతికొస్తాయి. గట్టు మొత్తం ఒకేసారి బోడిగా ఎప్పుడూ ఉండదు. ఈగలకు కావాల్సింది అదే. ఒక ఏడాది పండగ, మరో ఏడాది పస్తు అయితే అవి పెట్టె వదిలి పోతాయి.

మార్చి చివరి కోతకు ఇంకో లాభం ఉంది. ఆ సమయానికి కొమ్మల మీద ఆకు పెద్దగా ఉండదు, మోయడం తేలిక. ముందున్న ఏప్రిల్, మే ఎండలు కట్టెను ఉచితంగా ఆరబెడతాయి. విత్తనం కావాలనుకుంటే మాత్రం కోసే ముక్కలో నాలుగైదు మంచి చెట్లను కాయ పండేదాకా ఉంచండి.

కోసే తీరు కూడా ముఖ్యమే. లావు కొమ్మను పైనుంచే నరికితే పడేటప్పుడు బెరడును మోడు పొడవునా చీల్చుకుపోతుంది. ముందు అడుగు భాగంలో చిన్న గాటు పెట్టి, తర్వాత పైనుంచి రంపంతో కోయండి. కోత ఏటవాలుగా ఉండాలి.

కట్టెలు ఆరబెట్టడం

పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. అది పొయ్యిలో పెడితే ఆ నీటిని ఆవిరి చేయడానికే మంట ఖర్చవుతుంది, వంట చేసే మనిషి కళ్లు పోతాయి. ఇంట్లో ఆడవాళ్ల ఊపిరితిత్తుల కోసమైనా కట్టెను ఎండబెట్టిన తర్వాతే వాడాలి.

అడుగున్నర ముక్కలుగా కోసి, మణికట్టు కంటే లావున్నవి నిలువునా చీల్చండి. కింద రెండు దుంగలో రాళ్లో పెట్టి, నేలకు తగలకుండా అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చితే గాలి ఆడుతుంది. పక్కలు మూయకండి, పైన మాత్రం రేకు గాని తాటాకు గాని కప్పండి. మే నెలాఖరుకు వాడుకోవచ్చు. రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే ఖంగుమని మోగాలి, చివరల్లో పగుళ్లు కనిపించాలి. తొలకరికి ముందే వాటిని చూరు కిందికి చేర్చేయండి. సన్న పుల్లలు మోపులు కట్టి వేరుగా పెడితే మంట రాజేయడానికి పనికొస్తాయి. చేతి లావు నిటారు కొమ్మలుంటే పొయ్యిలో పెట్టకండి. అవి చెదలకు తట్టుకుంటాయి, కంచె గుంజలకు, పనిముట్ల పిడులకు బాగుంటాయి.

తేనెపెట్టెలు ఎప్పుడు, ఎలా

చెట్లు పూయడం మొదలయ్యాకే పెట్టెలు తెచ్చుకోండి. తొందరపడితే ఏడాది పొడవునా చక్కెర పాకం పోయడమే పని అవుతుంది. మొదటిసారి పెట్టేవాళ్లకు దేశీ ఈగ, అంటే ఎపిస్ సెరానా, సరిపోతుంది. దానికి దక్షిణాదిలో వాడే చిన్న న్యూటన్ పెట్టె చాలు. ఐరోపా ఈగ తేనె ఎక్కువ ఇస్తుంది గానీ దానికి మేత కూడా ఎక్కువ కావాలి, పూలున్న చోటికి పెట్టెలు తిప్పుతూ ఉండాలి. దేశీ ఈగ సాధారణంగా కిలోమీటరు లోపే తిరుగుతుంది. అందుకే మీ గట్టు ఒక్కటే కాదు, ఆ కిలోమీటరులో ఏమేం పూస్తున్నాయో నడిచి చూడండి. ఆ నడకే మీకు ఎన్ని పెట్టెలు పెట్టాలో చెబుతుంది. ఎకరం గట్టుతో మొదలుపెట్టేవాళ్లు రెండు పెట్టెలు దాటకండి.

పెట్టెకు ఉదయపు ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి. ద్వారం తూర్పుకు పెట్టడం మంచిది. స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచితే చీమలు ఎక్కవు. ఆ నీళ్లు ఎండిపోకుండా చూడాలి. దగ్గర్లో పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోయండి. వేసవిలో ఈగలు నీళ్లతోనే గూడును చల్లబరుస్తాయి.

పూత ఉన్న రోజుల్లో వారం పది రోజులకోసారి పెట్టె తెరిచి చూడండి. రాణి గుడ్లు పెడుతోందా, చట్రాల్లో (ఈగలు తుట్టె కట్టే చెక్క ఫ్రేముల్లో) పుప్పొడి చేరుతోందా, కొత్త రాణి గదులు కడుతున్నాయా అన్నవి చూడాలి. గూటిలో ఈగలు కిక్కిరిస్తే పైన తేనె గది తగిలించండి, లేకపోతే సగం ఈగలు కొత్త చోటు వెతుక్కుని వెళ్లిపోతాయి. ఫిబ్రవరిలో ఇది ఎక్కువగా జరుగుతుంది.

తేనె తీసే ముందు చట్రంలో నాలుగింట మూడొంతుల గదులకు మైనం మూత పడి ఉండాలి. మూత పడని తేనెలో నీరు ఎక్కువ, కొద్ది రోజులకే పులుస్తుంది. ఆహార భద్రత ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. గుడ్లు, పిల్ల ఈగలు ఉన్న కింది గది చట్రాలను ముట్టుకోవద్దు. పై గదిలో కూడా అంతా తీసేయకుండా కొంత ఉంచండి. మే నెలలో వాటికి అదే అన్నం.

మందుల గండం

జనవరి, ఫిబ్రవరి నెలల్లో గిరిపుష్పం పూస్తున్నప్పుడే మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు, మిర్చి మీద తామరపురుగుకు మందులు కొడుతుంటారు. చుట్టుపక్కల రైతులతో ముందే మాట్లాడటం తప్ప దీనికి గట్టి ఉపాయం లేదు. పొద్దుగూకాక, ఈగలు గూటికి చేరిన తర్వాత కొట్టమని అడగండి. ఈగలు వాళ్ల పంటకు కూడా కాత పెంచుతాయని చెబితే చాలామంది వింటారు.

మందు కొట్టే ముందు రోజు రాత్రి పెట్టె ద్వారానికి జాలీ పెట్టి, పైన తడి గోనె కప్పి, ఒక రోజు మూసి ఉంచవచ్చు. గాలి ఆడాలి, నీడ ఉండాలి. పెట్టెనే మార్చాలంటే మూడు కిలోమీటర్ల అవతలికి తీసుకెళ్లండి. అంతకంటే దగ్గరైతే ఈగలు పాత చోటికే వచ్చి తిరుగుతూ చనిపోతాయి.

గిరిపుష్పానికి వచ్చే పెద్ద చీడ పేనుబంక. లేత చిగుళ్ల మీద నల్లగా కమ్ముతుంది, ఆకులు జిగటగా మారి మసి పడతాయి. వేరుశనగ, అలసంద పంటల మీదికి వచ్చేది కూడా ఇదే పేనుబంక. యాసంగి వేరుశనగ పక్కన గట్టుంటే చిగుళ్లను కనిపెట్టి ఉండాలి. పూత ఉన్నప్పుడు రసాయన మందు వద్దు. చీడ పట్టిన కొనలు తుంచి కాల్చేయండి. పేనుబంకను తినే అక్షింతల పురుగులు కనిపిస్తే వాటి పని వాటిని చేయనివ్వండి. మరీ ఎక్కువైతే సాయంత్రం పూట వేపనూనె చాలు.

పూలు లేని నెలలు

గిరిపుష్పం మార్చితో అయిపోతుంది. ఆ తర్వాత వేప, నేరేడు, కానుగ, వేసవి చివర చింత పూస్తాయి. వర్షాకాలం మధ్యలో, అంటే జూలై, ఆగస్టుల్లో చాలా చోట్ల కరువే. సెప్టెంబరు నుంచి రేగు, చలికాలంలో కుంకుడు ఆదుకుంటాయి. అరకు, పాడేరు ప్రాంతాల్లో వలిసెల పూత ఈగలకు పెద్ద పండగ. మునగ ఇంటి దగ్గర ఒకటి రెండు ఉంటే దాదాపు ఏడాది పొడవునా ఏదో ఒకటి దొరుకుతుంది. గట్టు మూలల్లో గిరిపుష్పం బదులు నాలుగు కానుగలు, రెండు కుంకుళ్లు, ఒక నేరేడు పెట్టండి. అవి నిదానంగా పెరుగుతాయి, అందుకే మొదటి ఏడాదే నాటాలి.

కరువు నెలల్లో చక్కెర, నీళ్లు సమపాళ్లలో కాచి చల్లార్చిన పాకం సాయంత్రం పూట పెట్టె లోపలే పెట్టండి. బయట ఒలికితే పక్క గూటి ఈగలు వచ్చి దోచుకుంటాయి. తేనె గది పైన ఉండగా పాకం పోయొద్దు, అది తేనెలో కలుస్తుంది.

పశువుల మేతగా

ఆవులు, మేకలు, గొర్రెలకు ఈ ఆకు మాంసకృత్తులున్న మేత. కోసి ఒక పూట వాడనిస్తే వాసన తగ్గి తింటాయి. మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి. గుర్రాలకు, గాడిదలకు అసలు పెట్టొద్దు. దీని గింజలు, బెరడు విషం. మధ్య అమెరికాలో అన్నంలో కలిపి ఎలుకలను చంపడానికి వాడేవారు. పిల్లలు కాయలతో ఆడుకునే చోట ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

చచ్చిన మోళ్లు

మూడు నాలుగు చుట్లు తిరిగాక అక్కడక్కడా కొన్ని మోళ్లు ఎండిపోతాయి. ఆ ఖాళీల్లో వెంటనే మొక్క పెడితే పక్క చెట్ల నీడలో అది లేవదు. ఆ ముక్కకు కట్టెల కోత పడిన ఏడాది దాకా ఆగండి. మార్చిలో చుట్టుపక్కల చెట్లన్నీ మోళ్లుగా మారతాయి, జూన్‌లో ఎండ నేరుగా నేల మీద పడుతుంది. అప్పుడు పాత మోడు పెకలించి, అదే గుంతలో కాకుండా మూరెడు పక్కన సంచి మొక్క నాటండి. ఆ ముక్క మిగతా చెట్లకు ఆగస్టు, నవంబర్ ఆకు కోతలు పడుతున్నప్పుడు కొత్త మొక్క జోలికి కత్తి పోకుండా దానికి ఒక రంగు గుడ్డ కట్టి గుర్తు పెట్టండి.